శ్రీ ముందు పెట్టినందుకు

మౌంట్ రాస్కిల్, జూన్ 2002

చెల్లీ ఆశాజ్యోతీ, స్వామి దయవల్ల ఇక్కడ అందరం కులాసా, బెంగపడకు.

మంగళవారం పొద్దున దీపం పెట్టి, కాఫీ తాగి, మా దుర్గేష్‌తో డెయిరీకి వెళ్లాను. పాలు, బ్రెడ్డు అమ్మే మన చిన్న కొట్టునే ఇక్కడ అలా అంటారు. వాడు షట్టరు తీశాడు, నేను బ్రెడ్డు సర్దాను. కోడలు నిరుపమకు నెలలు నిండాయి కనుక సరుకు లెక్క చూసే పాత కంప్యూటరును ఇక నేనే నడపాలి. ఏం కావాలన్నా దానికి కమాండ్ టైపు చేసి చెప్పాలి. కొత్త పని కదా, అలవాటుగా ఇంగ్లీషు అక్షరాల్లో ముందు శ్రీ కొట్టి, తర్వాత వాడు చెప్పింది కొట్టాను. తప్పు కమాండ్ అంది. మళ్లీ అలాగే కొట్టాను, మళ్లీ అదే. దుర్గేష్ కొనడానికొచ్చిన వాళ్ల ముందు నవ్వి, "అమ్మా, నువ్వు పాలు అందించు చాలు" అని కీబోర్డు లాక్కున్నాడు. మిషనుకు దేవుడు తెలియదు, సరే. వీడికేమైంది? అక్షరాభ్యాసంనాడు వీడి వేలు పట్టి శ్రీ దిద్దించింది నేను కాదూ? ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇటు ఎవరైనా వస్తుంటే కుంకుమ పొట్లం పంపు. మరిదిగారికి నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

అన్నట్టు, ఆ సాయంత్రమే నిరుపమ ఈ గొడవకు తీర్పు చెప్పింది, అందరం ఒప్పుకున్నాం. శ్రీని కుంకుమతో కంప్యూటరు పెట్టె మీద రాయాలి, తెర మీద కమాండ్ ఒక్కటే కొట్టాలి. నేను ఆ కుర్చీలో ఉన్నంతసేపు పాలు దుర్గేష్ అందించాలి.

మీ పెద్దక్క,
సావిత్రి