నాలుగో సాక్షి ఊపిరితో ఉండగానే విచారణకు రావలసిందిగా

పౌరసత్వ విచారణాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా పౌరసత్వ దరఖాస్తుకు సాక్షి అయిన టీచరమ్మగారిని జాప్యం లేకుండా విచారించుట గురించి.

నేను ఈ ఊరి వృద్ధాశ్రమంలో తొమ్మిదేళ్లుగా అటెండరుగా పనిచేయుచున్నాను. ముసలివారిని లేపుట, స్నానం చేయించుట, తినిపించుట, పక్క మార్చుట నా విధులు. ఈ దేశ పౌరసత్వం కోరి నాలుగేళ్ల క్రితం దరఖాస్తు చేసుకొనియున్నాను. ఈ క్రింది అంశములు తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. నియమం ప్రకారం, నన్ను కనీసం ఐదేళ్లుగా ఎరిగిన పౌరుడొకరు అధికారి ఎదుట స్వయంగా నోటితో సాక్ష్యం చెప్పవలెను. నాతో పనిచేసేవారందరూ నాలాగే అర్జీలు పట్టుకు తిరిగేవారు. మా మేనేజరమ్మ పౌరురాలే గానీ, ఆమె ఇక్కడికి వచ్చి రెండేళ్లే అయినది. ముసలివారిని చూడవచ్చే బంధువులకు నేను "కాస్త ఆ కిటికీ మూస్తావా" అన్నంతవరకే తెలుసు. కావున నన్ను బాగా ఎరిగిన పౌరులందరూ మంచాల మీదే ఉన్నారని మనవి.

2. మొదటి సాక్షి రిటైరయిన ఓడ కెప్టెనుగారు. దరఖాస్తు పెట్టిన పధ్నాలుగు నెలలకు తమ ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. కెప్టెనుగారు అప్పటికి పదకొండు రోజుల ముందే కాలం చేశారు. రెండో సాక్షి గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఆయన విషయంలోనూ అంతే జరిగినది. మూడో ఆవిడ, ఇన్‌స్పెక్టరుగారు మెట్లెక్కుతుండగా పోయింది. మూడుసార్లూ ఫైలులో "సాక్షి హాజరు కాలేదు, కారణం తెలుపలేదు" అని రాశారు. చనిపోయినవారు కారణం తెలుపుకునే పద్ధతి ఏదైనా ఉంటే సెలవివ్వగలరు. నాలుగోసారి కూడా సాక్షి గైర్హాజరైతే దరఖాస్తు కొట్టివేయబడునని తమ కార్యాలయం నుండి నోటీసు అందినది.

3. ఇప్పుడు ఆశ్రమంలో నేను కాగితం పట్టుకుని వరండాలోకి వస్తే దుప్పట్లు ముఖాల మీదికి పోతున్నాయి. చదరంగం ఆడే తాతగారైతే, "నీ కాయితం ఆమడ దూరంలో పెట్టు నాయనా, నాకింకా ఆట మిగిలుంది" అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ముగ్గురు పోయాక నా పెన్నంటే నాకే భయమేసింది. టీచరమ్మగారు ఒక్కరే పిలిచి, "ఇలా తే. నేనెలాగూ పెట్టే సర్దుకుని కూర్చున్నదాన్నే" అని సంతకం చేశారు. ఆమెకు తొంభై ఒకటి. ఇది జరిగి ఏడు నెలలైనది. ఈ సాక్ష్యం ఒక్కటే మిగిలి ఉన్నదని, అది పూర్తయితే పది రోజుల్లో ఉత్తర్వు వచ్చునని తమ గుమాస్తాగారు చెప్పారు.

4. నా కుమార్తెకు వచ్చే నెల ఇరవై ఆరున పద్దెనిమిదేళ్లు నిండును. పౌరుడైనవాడు మైనరు సంతానాన్ని మాత్రమే ఇక్కడికి తెచ్చుకొనవచ్చును. ఆ తేదీ దాటితే, ఆమె ఇక నా మీద ఆధారపడినది కాదని చట్టం అంటుంది. నేను వచ్చేనాటికి దానికి ఎనిమిదేళ్లు. ఇప్పుడు వాళ్ల పిన్ని దగ్గర ఉంటోంది. ఈ దేశంలో నివాసం మధ్యలో తెగితే ఏళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుందని, మా ఆవిడ పోయినప్పుడు కూడా నేను వెళ్లలేదు. ఆ పిల్ల తలమీద చెయ్యి వేయలేదు. మొన్న ఫోనులో "ఇంకెన్నాళ్లు నాన్నా?" అంటే, "కాస్త ఆగు తల్లీ" అన్నాను. "ఆగక ఏం చేస్తాను? కానీ పద్దెనిమిది నిండకుండా ఆపడం నా చేతుల్లో లేదుగా" అంది.

5. ఈ అంశం తమ కార్యాలయం మీద కాదు, నా మీద. టీచరమ్మగారు పన్నెండు రోజులుగా తిండి వద్దంటున్నారు. డాక్టరుగారు చూసి, "నొప్పి లేకుండా చూడండి చాలు. తినమని బలవంతపెట్టకండి" అని అందరికీ చెప్పి వెళ్లారు. మిగతావారు ఆ మాట పాటిస్తున్నారు. నేను పాటించడం లేదు. పూటపూటా జావ పలచగా కాచి తీసుకెళ్తాను. ఆమె పెదవులు బిగిస్తారు. "ఒక్క చెంచా అమ్మా, ఈ ఒక్కటీ" అంటాను. నిన్న ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. "ఇంక చాలు అబ్బాయ్, నన్ను పోనీ" అన్నారు. విననట్టు నటించి ఇంకో చెంచా పెట్టాను. తొమ్మిదేళ్లలో ఎంతోమందికి తినిపించానయ్యా. వాళ్ల ఆకలి చూసి పెట్టాను. ఈమెకు పెడుతున్నది నా ఫైలు కోసం. సిగ్గుగా ఉంది. అయినా రేపు పొద్దున మళ్లీ పెడతాను.

కావున తాము దయతలచి వెంటనే రావలెను. ఆశ్రమం తమ కార్యాలయానికి నాలుగు వీధుల దూరం. ఆమెకు మాట స్పష్టంగానే ఉంది. ఉదయం పది నుండి పదకొండు వరకు బాగా తెలివిలో ఉంటారు. రావడానికి వీలుకాకుంటే, వీలుకాదని ఒక్క ముక్క రాసి పంపండి. అది చూసుకుని చెంచా కింద పెట్టేస్తాను. ఏ సంగతీ తెలియకుండా ఆమెను వదిలిపెట్టే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఈ కాగితం ఫైలులో కట్టకమునుపే తమరు చిత్తగించి, కుర్చీలోంచి లేవవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
వృద్ధాశ్రమం అటెండరు
(మూడు విచారణలకూ హాజరైనవాడు)

పునశ్చ: నా చేతిలో కాగితం చూసి ఏమిటని టీచరమ్మగారు అడిగారు. అబద్ధం చెప్పబోయి, చెప్పలేక, మొత్తం చదివి వినిపించాను. ఐదో అంశం కూడా చదివాను. కళ్లు మూసుకునే విన్నారు. తర్వాత, "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అన్నారు. చెప్పాను. "బుధవారం దాకా ఉంటానని రాయి. గురువారం నా వల్ల కాదు, అదీ రాయి" అన్నారు. అని, నోరు తెరిచారు.

పెట్టానయ్యా. బుధవారం లోపల రండి.