బేంకు దగ్గర మరిది

భుయ్యాడీహ్, జంషెడ్‌పూర్.
2023 నవంబర్ 9.

కూర్మారావు బావగారి పాదాలకి మీ వరహాలమ్మ దండాలు పెట్టి రాయించుకుంటన్న ఉత్తరం. ఇక్కడ మేమంతా కులాసా. విశాఖపట్నంలో మీరూ అక్కా కూడా కులాసాగా ఉన్నారనే తలుస్తన్నాను. ఫోన్ చేద్దామంటే మీకెలాగూ వినపడదు. నేనిక్కడ అరుస్తుంటే వీధి వీధంతా మా కాపరం గుట్టు వింటారు. అందుకే ఈ కాయితం. నాకు సంతకం తప్ప అచ్చరం రాదు కదా, నేను చెప్తన్నాను, రాసేవాళ్ళు రాత్తన్నారు. తిట్టినా ఏడిసినా ఒక్క ముక్క మార్చకూడదని ముందే ఒట్టేయించుకున్నాను.

మీరు పంపిన ఉత్తరమూ ఫారమూ అందేయి. వచ్చే నెల పంజాబ్ సరిహద్దులో మీ పల్టన్ వాళ్ళు, డెబ్బై ఒకటి యుద్ధంలో పోయినోళ్ళ పేర్లు చెక్కిన రాయి దగ్గర దీపాలు పెడతారనీ, దాని మీద పోలరాజు పేరు కూడా ఉందనీ, భార్యగా నన్ను రమ్మనీ రాసేరు. పతకం వచ్చినోడి పెళ్ళాన్ని కాబట్టి నాకు రైలు పాసు ఉంది, తోడు ఒకరిని ఊరికే తీసుకెళ్ళొచ్చు. అంతా బాగానే ఉంది. కానీ ఆ ఫారంలో తోడు వచ్చేవారి పేరు ఒక గడి, వాళ్ళతో సంబంధం ఒక గడి ఉన్నాయి చూసేరా, ఆ రెండో గడి దగ్గరే నేను ఆగిపోయేను.

మీకు తెలియందేటి? పోలరాజుతో నేను కాపరం చేసింది ఇరవై రెండు రోజులు. సెలవు అయిపోయి వెళ్ళేడు, డిసెంబర్లో టెలిగ్రాం వచ్చింది. అతని ట్రంకుపెట్టె మా ఇంటికి మోసుకొచ్చింది మీరే. ఏడాది దాటేక పెద్దలు నన్ను అతని తమ్ముడు అప్పలరాజుకిచ్చి చేసేరు. మన వైపు అదేమీ వింత కాదు. కానీ పెళ్ళి సంగతి మిలటరీ వాళ్ళకి తెలిస్తే పింఛను ఆగిపోతాదని ఎవరో చెప్పేరు. మా అత్తామావా ఆ పింఛను మీదే బతికేవారు. ఆ రోజు మూసిన నోరు ఇప్పటిదాకా మూసే ఉంది.

గోల్‌మురి కంపెనీలో ఈయనకి పని దొరికి ఇక్కడికొచ్చేం. పిల్లలు పుట్టేరు, మనవలొచ్చేరు. ఈయన నా మొగుడని ఈ వీధిలో కుక్కలకి కూడా తెలుసు. బేంకులో మాత్రం మరిది. ఏటా నవంబర్లో, నేను బతికే ఉన్నానని సంతకం పెట్టాలి కదా, సైకిల్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్ళేవాడు, తర్వాత స్కూటర్, ఇప్పుడు ఆటో. ఈయనెవరని బేంకు బాబు అడిగితే దేవర్‌నని హిందీలో చెప్పి, బయటకెళ్ళి నిలబడతాడు. నేను లోపల పోలరాజు భార్యనని సంతకం పెట్టి వత్తాను. ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాటాడుకోం. ఆ పూట నాకు ముద్ద దిగదు బావగారూ. ఈయనేమో రెండోసారి చారు పోసుకుని మరీ తింటాడు. ఏం రాతిగుండె మనిషిరా బాబూ అనుకునేదాన్ని.

ఆ పాసు నేను వాడింది ఒక్కసారే, మా అమ్మ పోయినప్పుడు. నా పక్కన కూర్చో అని టాటానగర్ స్టేషన్లో ఎంత బతిమాలేనో. అన్న ప్రాణం పోతే వచ్చిన పాసు మీద తను కూర్చోనన్నాడు. జనరల్ బోగీకి టికెట్టు కొనుక్కున్నాడు. నేను ఏసీలో ఒక్కదాన్నీ. రైలు ఆగిన ప్రతి స్టేషన్లోనూ పరిగెత్తుకొచ్చి, అద్దం అవతల నిలబడి, తిన్నావా అని చేత్తో అడిగేవాడు. తిన్నానని తలూపేదాన్ని. కూత వినపడితే మళ్ళీ వెనక్కి పరుగు. మా పుట్టింటి సోంపేట వచ్చేదాకా అదే వరస. నా ఎదురుగా ఖాళీ బెర్తు. ఎంత ఏడిచేనో ఆ దేవుడికి తెలుసు.

ఇప్పుడు మీరేమో తాపీగా రాసేరు, చనిపోయినోడి తమ్ముణ్ణే చేసుకుంటే ఆ పింఛను ఆగదనీ, మేం దాచాల్సిన పనే లేకపోయిందనీ. ఓలమ్మో, యాభై యేళ్ళు! ఆ ముక్క చదవగానే ఈయన కాయితం మడిచి సువర్ణరేఖ ఏటిగట్టు వేపు వెళ్ళిపోయేడు. తిరిగొచ్చేక దాని ఊసే లేదు. పంజాబ్‌కి మనవరాలు బిందుప్రియని తోడు తీసుకెళ్ళమన్నాడు. అన్న రాయి ముందు తను ఏ మొహం పెట్టుకుని నిలబడతాడట! ఆ పిల్లేమో దాదీ చలో అని గెంతుతన్నాది. నేను మాత్రం వెళ్ళను.

పోలరాజంటే నాకు గౌరవం లేక కాదు. దండం పెట్టుకోవాలనే ఉంది. కానీ పాపం, అతని మొహం ఫొటో చూస్తే తప్ప గుర్తు రాదు. ఈ మనిషి మొహం కళ్ళు మూసుకున్నా కనపడతాది. డెబ్బై దాటిపోనాయి బావగారూ. చచ్చేలోగా ఒక్క కాయితం మీద, ఒకే ఒక్క కాయితం మీద, ఈయన నా మొగుడని రాసి ఉంటే చూసుకోవాలనుంది. చదవడం రాకపోతేనేం, వేలితో తడుముకుంటాను. ఈయన పక్కన కూర్చుని రైల్లో వెళ్ళి, ఈయన పక్కన నిలబడే ఆ రాయికి దండం పెట్టాలనుంది. ఈయన రానంటే ఆ ఫారం పొయ్యిలో పెడతాను. మీరేమీ అనుకోవద్దు.

అక్కకి నా దండాలు. మోకాళ్ళ నొప్పులకి ఆవనూనె వేడి చేసి రాసుకోమని చెప్పండి.

ఇట్లు,
మీ మరదలు,
వరహాలమ్మ

తా.క.: అన్నా, నేను అప్పలరాజుని. ఈ వీధిలో తెలుగు రాయగలిగినోణ్ణి నేనొక్కణ్ణే మిగిలేను, పిల్లలదంతా హిందీ. నన్నే కూర్చోబెట్టి, నా మొహం చూడకుండా గోడకేసి చూస్తా ఇదంతా చెప్పింది. ఒట్టేసేను కాబట్టి ఒక్క ముక్క మార్చలేదు.

పింఛను ఆగదని నాకు ముప్పై యేళ్ళ కిందటే తెలుసన్నా. మా కంపెనీ గేటు దగ్గర పనిచేసే పాత సిపాయి ఒకాయన చెప్పేడు. అయినా బేంకులో మరిదిననే అన్నాను. ఏడాది పొడుగునా ఆవిడ నా పెళ్ళామే కదా, ఆ ఒక్క రోజైనా మా అన్నకి పెళ్ళాంగా ఉండనీ అనుకుని బయట నిలబడేవాణ్ణి. ఆ పూట ఆవిడ తినకపోతే మా అన్న కోసమే అనుకున్నాను. నాకూ ముద్ద దిగకే చారు పోసుకునేవాణ్ణి.

ఇంతవరకూ రాసి ఆవిడకి చదివి వినిపించేను. ముసలోడా అని తిట్టి చేతిలో గరిటె విసిరింది. కాసేపు ఏడిచింది. తర్వాత తనే ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. మొదటి గడిలో నా పేరు రాసేను. రెండో గడిలో హిందీలో పతి అని రాసేను. ఏటి రాసేవో చదవమంది. చదివేను. ఆ అచ్చరాల మీద వేలు పెట్టి, మళ్ళీ చదవమంది.