విమల డబ్బా

కామాఠిపుర, ఆగస్టు 1984

టీచర్‌బాయి గారికి నమస్కారం.

పిల్లల డబ్బాలో ఆకుకూర పెట్టమని మీరే చెప్పారు. మా పెద్దపిల్ల విమల మెంతికూర ముట్టేది కాదు. ఒకరోజు కోపమొచ్చి డబ్బా ఇవ్వకుండానే బడికి పంపాను. ఆ సాయంత్రమే జ్వరం పట్టింది, మళ్ళీ లేవలేదు. మూడోనాడు మేముండే చాల్ మిద్దెమీద అన్నం పెడితే కాకి ముట్టలేదు. "పోరి ఆకలితోని పోయింది" అన్నది మా అత్త.

అందుకే రోజూ చిన్నది కళావతితో రెండు డబ్బాలు పంపుతున్నాను, ఒకటి బడిలో అక్క కూర్చునే చోట పెట్టమని. సాయంత్రం ఖాళీగా వస్తుంది. నిన్న, తినేది విమలేనా చూద్దామని రొట్టెతో మెంతికూర పెట్టాను. అదీ తుడిచినట్టు ఖాళీ అయింది.

తింటున్నది ఎవరో ఆకలిగొన్న పిల్ల. ఆమెను తిట్టకండి బాయీ. పేరు మాత్రం నాకు చెప్పకండి. తెలిస్తే రేపు పొద్దున విమలకని రొట్టె చేయలేను.

విమల తల్లి