మెడలో ఉన్న అక్కకు

బెళుగుప్ప,
ఆదివారం

ముఖమైనా చూడని లక్ష్మీదేవమ్మక్కకు,

చనిపోయినవాళ్ళకు ఉత్తరం రాస్తే ముసలిదానికి మతి పోయిందంటారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని, ఆ మాట పడటం నాకూ ఇష్టం లేదు. కానీ ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పుకునేది కాదు. నువ్వు పోయిన ఏడాదికి మన ఆయన నన్ను చేసుకున్నారు. పెళ్ళిపీటల మీద తాళితో పాటు నీ పేరున చేయించిన బంగారు బిళ్ళ కూడా నా మెడలో వేశారు, నువ్వు కోపగించుకోకుండా. అప్పటి నుంచి స్నానానికైనా తీయలేదు. ఆయన నీ దగ్గరికి వచ్చి ఆరేళ్ళవుతోంది. నా మీద ఏమేం చాడీలు చెప్పారో, సగమే నమ్ము.

ఇప్పుడు ఆ బిళ్ళ ఆనే చోటనే గడ్డ లేచింది. ముక్క తీసి చూశారు. క్యాన్సరే, కానీ అక్కడ పుట్టింది కాదట. ఒంట్లో ఇంకెక్కడో పుట్టి మెడలోకి వచ్చింది. ఎక్కడన్నది తెలియడం లేదు. ఊపిరితిత్తులు చూశారు, కడుపులోకి గొట్టం వేసి చూశారు. మన చేలో బోర్లు వేసినట్టే వేస్తున్నారు, అన్నీ ఎండిపోయినవే.

మన ఆడపడుచు హనుమంతమ్మకు మాత్రం స్కానింగు అక్కర్లేకుండానే తెలిసిపోయింది. "ఏమొదినా, ఇంత సదివినావు, ఈ మాత్రం తెలీదా? ఇది పెద్దొదినె పనే. పోయినేడు ఆమెకు చీర పెట్టకపోతివి. తన రొమ్ములో ఉన్న గడ్డనే తెచ్చి నీ మెడలో పెట్టినాది" అంది.

నీకు గడ్డ ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. జ్వరంతో పోయావని కదా అందరూ చెప్పారు! "సిగ్గుతో ఎవురికీ సూపించలే. పైట కప్పుకుంటా కప్పుకుంటానే పాయె" అంది.

గుమ్మంలో నిలబడి భారతి అంతా విన్నది. నువ్వు రెండేళ్ళ బిడ్డగా వదిలి వెళ్ళిన నీ కూతురు, నేను పెంచిన నా కూతురు. ఆ పూట నుంచి నా కళ్ళలోకి చూడటం లేదు. తన తల్లి నన్ను చంపుతోందని సిగ్గుపడుతోంది.

బెంగళూరులో ఒళ్ళంతా స్కానింగు చేస్తారట. బిళ్ళ తీయాలన్నారు. నీ అనుమతి అడుగుతున్నాను. ఇవ్వకపోయినా తీస్తాను.

నీ తరువాత వచ్చిన
హేమావతి


బెంగళూరు,
బుధవారం

అక్కా,

తీశాను. ఆ చోట చర్మం పాలిపోయి గుండ్రంగా మచ్చ కట్టింది. బరువు మాత్రం పోలేదు. వెనక ఎవరో నిలబడి మెడ మీద వేలు ఆనించినట్టే ఉంది. అదీ మిట్టమధ్యాహ్నం, ఆసుపత్రి వరండాలో, అంత జనం మధ్య. సైన్సు టీచరునై ఉండీ వెనక్కి తిరిగి చూశాను.

స్కానింగులోనూ పుట్టిన చోటు దొరకలేదు. తీసిన ముక్కను ల్యాబులో పరీక్షించి ఏ అవయవం పోలికలున్నాయో చూస్తారట, ముక్కు తాతది, నుదురు మేనత్తది అన్నట్టు. నాదానికి ఏ పోలికా కుదరలేదు. అలాంటివాటికి వేరే తరగతి ఉందట, పుట్టుక తెలియని క్యాన్సర్లని. బడిలో ఏ సెక్షనులోనూ ఇమడని పిల్లలను చివరి బెంచీలో వేసేవాళ్ళం కదా, అలాగే.

"ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా?" అంది డాక్టరమ్మ.

"మా ఆయన మొదటి భార్యకు, రొమ్ములో. ఆమే నాకు తెచ్చిపెట్టిందని మా ఆడపడుచు తేల్చేసింది" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆమెకూ మీకూ రక్తసంబంధం లేదు. మీ జబ్బుకు ఆమెతో పని లేదు. ఏ వయసులో పోయారు?"

"ముప్పై నిండలేదు."

"పిల్లలున్నారా?"

భారతి నా పక్క కుర్చీలోనే ఉంది.

అక్కా, ఇన్నేళ్ళూ నీ కోపానికి భయపడ్డాం, చీరలు పెట్టాం. నువ్వు దేనితో పోయావని మాత్రం ఒక్కరమూ అడగలేదు.

తల్లికి అంత చిన్న వయసులో వచ్చిందంటే కూతురూ పరీక్ష చేయించుకోవాలంది డాక్టరమ్మ. బయటికి రాగానే భారతి మొండికేసింది. "నేను సూపించుకోను చిన్నమ్మా. మా యమ్మ నిన్ను తింటాండాదని ఊరంతా అంటాండారు. ఇంగ నాకూ ఉండాదంటే, అదీ ఆమె మీదే ఏస్తారు."

"ఏసుకోనీ. నువ్వు సూపించుకోకుంటే నేను మందు ఎక్కించుకోను."

"బెదిరిస్తాండావా?"

"ఊ. ఈ వయసులో ఇంకేం పని నాకు?"

ఇద్దరం ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాం. చివరికి భారతి కూతురు త్రివేణి, "అవ్వా, మీ కొట్లాట తెగేలోపల డాక్టరమ్మ ఇంటికి పోతాది" అని తల్లి చెయ్యి పట్టి లేపింది. ఆ మొండితనం భారతికి నా పెంపకంలో అబ్బింది. దానికి మాత్రం నిన్నెవరూ అనలేరు.

హేమావతి


బెంగళూరు

అక్కా,

భారతి రొమ్ములో శనక్కాయ విత్తనమంత గడ్డ ఉంది. క్యాన్సరే. కానీ పుట్టిన చోటే ఉంది, ఎటూ పాకలేదు. ఆపరేషన్ చేస్తే బతుకుతుందని డాక్టరమ్మ గట్టిగా అంది. నాకు మందు మొదలైంది. పనిచేస్తే కొన్నాళ్ళు ఇక్కడ, లేకపోతే నీ దగ్గరికే. అక్కడ వంట ఎవరిదో ముందే తేల్చుకుందాం.

నువ్వు లేవని నాకు తెలుసు. కానీ మెడ మీద ఆ వేలు ఇంకా అలాగే ఉంది. ఉన్నావో లేదో వాదించుకునే తీరిక లేదు కనుక, ఒక పని చెబుతున్నాను. రేపు ఆపరేషన్ గదిలోకి నన్ను రానివ్వరు. నిన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు. నా మెడ వదిలి లోపలికి వెళ్ళు.

గుర్తుపట్టడం కష్టమే. ఇప్పుడు నీ కూతురు వయసులో నీకంటే చాలా పెద్దది. జుట్టు నెరిసింది, కాస్త లావయింది. నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట పడుతుంది, కానీ రేపు నవ్వదు. భయమేస్తే బొటనవేలు లోపల పెట్టి గుప్పిట బిగిస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆ గుప్పిట వెతుక్కో. విప్పకు. మత్తు వచ్చేదాకా ఊరికే పట్టుకుని ఉండు.

నీ చెల్లెలు
హేమావతి