జున్నుగిన్నెలో చప్పుడు

మండపేట,
20-11-2024, బుధవారం.

చిరంజీవి సాయిప్రసన్నకు మామ్మ రాజరాజేశ్వరి ఆశీస్సులు.

ఇక్కడ నేనూ మీ నాన్నా ఆరోగ్యంగానే ఉన్నాం. తునిలో నీ హాస్టలు తిండి ఎలా ఉందో, బ్యాంకుకి ఏదైనా తిని వెళ్తున్నావో, టీతో సరిపెడుతున్నావో తెలియజెయ్యి.

మర్యాదలు అయ్యాయి కనుక అసలు సంగతికి వస్తాను. నీకు నా మీద రెండు కోపాలున్నాయి. ఒకటి, నువ్వు ఫోన్ చేస్తే నేను మాట్లాడకుండా మీ నాన్న చేతికిచ్చేస్తున్నానని. రెండోది, అమ్మ చేసే జున్ను సూర్యకళకి పెట్టొద్దని నువ్వు మెసేజ్ పెట్టాక కూడా నేను పొయ్యి వెలిగించానని. పెడితే ఇక ఆ గుమ్మం తొక్కనని రాశావు. మీ నాన్న ఆ మెసేజ్ తీసి, ఫోన్ నా చేతిలో పెట్టి, నా మొహం చూడకుండా పెరట్లోకి వెళ్లిపోయాడు. రెండో కోపానికి ముందు జవాబు చెబుతాను.

మన చుక్కగేదె శుక్రవారం ఈనింది. పెయ్యదూడ. మీ నాన్న చేసుకోబోయే సూర్యకళ, వాళ్ల అన్నగారు సత్యప్రసాద్, వదినగారు దేవిశ్రీ జంగారెడ్డిగూడెం నుంచి ఆదివారం వస్తామని అంతకుముందే కబురు చేసి ఉన్నారు. ఇంట్లో జున్నుపాలు పెట్టుకుని, గుమ్మంలోకి వచ్చినవాళ్లకి కొట్టు మిఠాయి పెట్టడం ఈ ఇంట్లో ఎన్నడూ లేదు. మీ అమ్మ ఉన్నా అదే చేసేది. అందుకని చేశాను.

మీ అమ్మ పోయాక ఆమె జున్ను వండే ఇత్తడి తపేలా అటక దిగలేదు. ఈ రెండేళ్లలో గేదెలు ఈనినప్పుడల్లా జున్నుపాలు ఇరుగుపొరుగుకి పంపేశాం. జ్వరమని ఆస్పత్రికి వెళ్లిన మనిషి తిరిగి రాకపోతే, ఆమె వాడిన గిన్నె మీద చెయ్యి వెయ్యడం ఎంత కష్టమో నాకు తెలియదని నువ్వు అనుకుంటున్నావేమో. తపేలా దింపి చింతపండుతో తోముతుంటే లోపలి అంచున నల్లటి గీత కనపడింది. నీళ్లు ఎక్కడిదాకా పొయ్యాలో మీ అమ్మ ఆశాజ్యోతి పెట్టుకున్న గుర్తు అది. ఎంత తోమినా పోలేదు. తరవాత నేనే తోమడం మానేశాను.

జున్ను మీ అమ్మ ఎలా వండేదో నీకు తెలుసు. ఒక గ్లాసు జున్నుపాలకి రెండు గ్లాసుల మామూలు పాలు, తీపికి బెల్లం, మిరియాలు, యాలకులు. పాలగిన్నెని తపేలాలో నీళ్ల మధ్య కూర్చోబెట్టి మూత పెట్టేది. మూత తియ్యకుండా లోపల నీళ్లున్నదీ లేనిదీ తెలియడానికి నీళ్లలో ఒక రాయి వేసేది. పుష్కరాలకి వెళ్లినప్పుడు రాజమండ్రి రేవులో ఏరి తెచ్చుకున్న, జాజికాయంత నల్లరాయి. నీళ్లు మరుగుతున్నంతసేపూ అది అడుగున ఎగిరెగిరి పడుతూ టకటకలాడేది. నీళ్లు ఇంకితే ఆగిపోయేది. అది మాట్లాడుతున్నంతసేపూ మనమూ మాట్లాడుకోవచ్చత్తయ్యా, అనేది. పొయ్యి దగ్గర కబుర్లేంటి, గడియారం లేదా ఇంట్లో, అనేదాన్ని నేను. గడియారం మిమ్మల్ని చూస్తే భయపడి ఆగిపోతుందండి, రాయికి భయం లేదు, అని నవ్వేది.

ఆ రాయి ఇప్పుడు ఇంట్లో లేదు. నీ దగ్గరుంది. తుని వెళ్లేరోజు నువ్వు దాన్ని రుమాల్లో మూటకట్టి బ్యాగులో అడుగున పెట్టుకోవడం నేను గుమ్మంలోంచి చూశాను. అడగలేదు. అది నీదే.

ఆదివారం తపేలాలో నీళ్లు మాత్రమే పోశాను. రాయికి బదులు నాణెం కూడా వెయ్యలేదు. గడియారం చూసుకుని వచ్చి హాల్లో కూర్చున్నాను.

సత్యప్రసాద్ గారు మాటకారి. ఆయిల్‌పామ్ గెలల గురించీ, కోతకి మనుషులు దొరకకపోవడం గురించీ చెబుతున్నారు. నేను ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. మధ్యలో గడియారం సంగతి మరిచిపోయాను. అంతలో వినపడింది, టకటకమని.

మొదట అది నా గుండె అనుకున్నాను. తరవాత గుర్తుపట్టాను. రెండు గదుల అవతల, మూసిన తలుపు వెనక, మూతపెట్టిన తపేలాలో నల్లరాయి ఎగిరి పడుతున్న చప్పుడు. ఒక్కోసారి రెండు దెబ్బలు వెంటవెంటనే, తరవాత కాస్త ఎడం. అదే నడక. నా పక్కన ఆమె కూర్చుని ఉన్నంత స్పష్టంగా విన్నాను. కదిలితే పోతుందేమోనని కదలలేదు. ఎంతసేపు విన్నానో చెప్పలేను. లెక్కల టీచరుగా రిటైరైన దాన్ని, అయినా చెప్పలేను.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆయన మాట సగంలో ఉండగా లేచి వంటింట్లోకి పరిగెత్తాను. తపేలాలో చుక్క నీరు లేదు. అడుగు అప్పుడే కమురు వాసన మొదలుపెట్టింది. ఇంకొంచెం ఆగితే జున్ను మాడేది, గ్యాసు మీద ఇత్తడి ఏమయ్యేదో చెప్పలేను. మంట ఆపి, చల్లారనిచ్చి, పాలగిన్నె బయటికి తీసి, తపేలా అడుగంతా గరిటెతో తడిమాను. పెరట్లోకి తీసుకెళ్లి బోర్లించి దులిపాను. ఏమీ లేదు.

మీ నాన్నని అడిగాను, చప్పుడు విన్నావురా అని. ఏం చప్పుడమ్మా, అన్నాడు. దేవిశ్రీ గారూ ఏమీ వినలేదన్నారు. సత్యప్రసాద్ గారు మాత్రం కాస్త చిన్నబుచ్చుకుని, నా గోల తప్ప ఇంకేం వినపడుతుంది లెండి, అన్నారు. హాల్లో అంతమందిమి ఉన్నాం. విన్నది నేనొక్కదాన్నే.

సూర్యకళ నా వెనకే పెరట్లోకి వచ్చింది. ఏం పోయిందండీ, అని అడిగింది. రాయి అన్నాను. ఎవరిదో, ఎక్కడుందో కూడా చెప్పాను. నవ్వలేదు. తపేలా అందుకుని లోపల నల్లగీత చూసి, దీన్ని తోమకండి, అంది.

జున్ను చక్కగా కుదిరింది. ముక్కలు కోసి అందరికీ పెట్టాను. సూర్యకళ తన ప్లేటు తీసుకుంది గానీ తినలేదు. వద్దనడం ఈ ఇంట్లో అలవాటు లేదమ్మా, అన్నాను కాస్త గట్టిగానే. నీ మెసేజ్ సంగతి మీ నాన్న ఆమెకి ముందే చెప్పాడట. ప్రసన్న వచ్చి తన చేత్తో పెడితే తింటానండి, లేకపోతే లేదు, మీరు కోప్పడినా సరే, అని ఆ ప్లేటు వాళ్ల వదిన చేతిలో పెట్టేసింది. ఏంటీ, నాకు షుగరని తెలిసే పెడుతున్నావా, అని దేవిశ్రీ గారు అంటూనే రెండు ముక్కలూ తినేశారు.

కనుక అమ్మ జున్ను ఆమె తినలేదు. నీ రెండో కోపానికి ఇదీ జవాబు. ఆమెని మెచ్చుకోమని అడగను. నేనే ఇంకా మెచ్చుకోలేదు.

కానీ ప్రసన్నా, సోమవారం మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఆ తపేలాలో నల్లగీత దాకా నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టాను. పాలు లేవు, గిన్నె లేదు. ఉట్టి నీళ్లు. స్టూలు వేసుకుని పక్కన కూర్చున్నాను. నీళ్లు ఇంకేదాకా కూర్చున్నాను. నిన్న కూడా. ఏమీ వినపడలేదు. ఆదివారం నాకు భయం వెయ్యలేదు. నిన్న వేసింది. కోడలు ఆ ఒక్కసారికి వచ్చి, ఇల్లు కాపాడి, పని అయిపోయిందని వెళ్లిపోయిందేమోనని. ఆమె ఉన్నన్నాళ్లూ పొయ్యి దగ్గర ఒక్క కబురు చెప్పనివ్వలేదు నేను.

రెండో గేదె మార్గశిరంలో ఈనుతుంది. పెళ్లికి రమ్మని నేను అడగడం లేదు, అది మీ నాన్న అడగాలి. జున్నుకి రమ్మంటున్నాను. వచ్చేటప్పుడు రుమాల్లో ఉన్నది తీసుకురా.

ఇట్లు,
మీ మామ్మ,
రాజరాజేశ్వరి.

తా.క.: నీ మొదటి కోపానికి జవాబు రాయకుండానే కవరు అంటించబోయాను. మళ్లీ విప్పాను. నాకు చెవులు పోయాయి తల్లీ. వినాయకచవితికే గంట మోత చెవికి ఆనలేదు. పెన్షను పనని చెప్పి రాజమండ్రి వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాను. కుడిచెవి పూర్తిగా పోయిందనీ, ఎడమచెవి ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితేనే పనిచేస్తుందనీ చీటీ మీద రాసి చూపించారు. ఫోన్లో నీ గొంతు నాకు ఉట్టి గాలిలా ఉంటుంది, అందుకే మీ నాన్నకి ఇచ్చేస్తున్నాను. పిలిస్తే పలకనని, ముసలిదానికి పొగరని అందరూ అనుకుంటున్నారు, అననిచ్చాను. సూర్యకళ మాత్రం ఆదివారం పెరట్లో వెనకనుంచి పిలిచి పిలిచి, ముందుకొచ్చి నిలబడి అడిగింది. ఎవరికీ చెప్పనంది. నాణెం ఎందుకు వెయ్యలేదో ఇప్పుడు తెలిసిందిగా. వేసినా నాకు వినపడదు. కుక్కరు కూతే వినపడదు.

మరి ఆ చప్పుడు విన్నాను.

అందుకే నువ్వు రావాలి. రాయి వేసి పొయ్యి పక్కన నా దగ్గరే కూర్చో. కబుర్లు చెప్పు, ఏమీ అనను. అది ఆగగానే నా భుజం తట్టు.