తొమ్మిదో అంశానికి చేతులెత్తినవాళ్లు

మార్చి 2

పన్నెండేళ్లుగా ఒకటే అడుగుతున్నాను. ఆ రోజు నీళ్లు ఎలా ఆగాయి?

అప్పుడు మెయిన్ పైపు పగిలింది. పల్లపు వీధిలో ఇళ్లలోకి మోకాళ్ల లోతు వచ్చాయి నీళ్లు. నేను నీటి సెక్షన్‌లో వాల్వు మనిషిని. మలుపు దగ్గర చాంబరులోకి దిగి, ఇనప కీ తగిలించి, ముప్పై నాలుగు చుట్లు తిప్పి కట్టేశాను. వారం తరువాత కౌన్సిల్ మీటింగు పెట్టి ఫైరింజన్ వాళ్లకు ధన్యవాదాల తీర్మానం చేసింది. అందరూ చేతులెత్తారు. ఫైరింజన్ వచ్చేసరికి నేను చొక్కా పిండుకుంటున్నాను.

పొగడ్త కోసం కాదు నా గొడవ. నీళ్లు ఎలా ఆగాయని ఒక్క మెంబరూ అడగలేదు. వాటికే బుద్ధి పుట్టి ఆగాయనుకున్నారేమో. మా ఆవిడ మాత్రం, ఆ రికార్డు అరిగిపోయింది, ఇంకోటి పెట్టు అంటుంది.

నాకు చదువు లేదు. డ్యూటీలో ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పానో రోజూ లాగ్‌బుక్‌లో రాసేవాణ్ణి. నాకు వచ్చిన రాత అదే. ఇప్పుడు మళ్లీ ఎందుకు రాస్తున్నానంటే, ఈరోజు ఆ చాంబరు మూత మీద పసుపు రంగుతో ఇంటూ మార్కు కొట్టి ఉంది.

మార్చి 3, ఉదయం 8

రోడ్డు మేస్త్రీని అడిగాను. సిమెంటు రోడ్డు వేస్తున్నారట. మార్కు ఉన్నవన్నీ సిమెంటు కిందికి పోతాయట. లిస్టులో ఈ వాల్వు పక్కన నిరుపయోగం అని ఉందట. అంటే ఏమిటన్నాను. ఎవరూ వాడనిది తాతా అన్నాడు. పన్నెండేళ్లుగా ఎవరూ తిప్పలేదు కదా అన్నాడు. పన్నెండేళ్లుగా పైపు పగల్లేదురా అన్నాను. గోడకు తగిలించిన నిప్పార్పే సిలిండరు రోజూ వాడతారా అని కూడా అడిగాను. మా ఇంట్లో అది లేదు తాతా అన్నాడు. మనిషి మంచివాడే.

మా అక్క ఆ పల్లపు వీధిలోనే ఉంటుంది. ఆరు మెట్లు దిగి పోవాలి ఆ గదికి. పోయినసారి తన కాళ్ల మీద తను పైకి వచ్చింది. ఇప్పుడు తుంటి విరిగి మూడేళ్లు. మంచం మీదే అన్నీ. అక్కడి నుంచి మార్చుదామంటే ససేమిరా అంటుంది.

పైపు పాతది. నాకంటే నాలుగేళ్లు పెద్దది.

మార్చి 4

మా ఆవిడ కౌన్సిల్ ఆఫీసుకు పోయి తీర్మానం కాపీ తెచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. తొమ్మిదో అంశం. అనుబంధంలో చూపిన నిరుపయోగ అమరికల తొలగింపు. అనుబంధం నాలుగు పేజీలు. మా వాల్వు ఇరవై ఏడోది. దాని పైన విరిగిన బెంచీ, కింద బస్‌స్టాపు రేకు. ఏకగ్రీవంగా ఆమోదం అని ఉంది.

అంటే ఏమిటన్నాను. ఒక్కడూ చదవలేదని అర్థం అంది.

మార్చి 6

ముగ్గురు మెంబర్లను చూశాను.

మా వార్డు మెంబరును అందరూ అలాగేగారు అంటారు. ఏం చెప్పినా అలాగే అంటాడు గనక. తొమ్మిదో అంశం ఏమిటన్నాను. వీధిలైట్లు పెద్దాయనా, మీ వీధికి కూడా వస్తాయి అన్నాడు.

బేకరీ ఆవిడ కూడా మెంబరే. కుక్కల గురించి కదా అంది. నేను గట్టిగా మాట్లాడాను ఆ రోజు అని కూడా అంది.

లాయరు మెంబరు పదేళ్లలో ఒక్క మీటింగు మానలేదట. ఆ మాట మూడుసార్లు చెప్పాడు. నువ్వు చదివావా అని నన్నే అడిగాడు. మా ఆవిడ చదివింది అన్నాను. అయితే ఆవిడనే అడుగు, ఇంట్లోనే ఉంది కదా అన్నాడు.

మార్చి 7

మోకాలు నొప్పి. ఎక్కడికీ పోలేదు.

మార్చి 8, సాయంత్రం

అలాగేగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మూత ఎత్తి చూపించాను. వంగి చూశాడు. కుళాయి ఏదీ అన్నాడు. నవ్వు రాలేదు నాకు. కింద పైపు ఎటు నుంచి ఎటు పోతుందో కర్రతో రోడ్డు మీద గీసి చెప్పాను. ఇది కడితే పల్లపు వీధికి ఒక్కదానికే నీళ్లు ఆగుతాయి. ఇది లేకపోతే పంప్‌హౌస్ దాకా పోయి ఊరంతా కట్టాలి. ఆస్పత్రితో సహా. పోవడానికి ముప్పావు గంట. అంతలో అక్క గదిలో నీళ్లు మంచం దాటతాయి.

అతను చెమట తుడుచుకున్నాడు. మా పిన్ని కూడా ఆ వీధిలోనే ఉంది పెద్దాయనా, నాకెవరూ చెప్పలేదే అన్నాడు. చెప్పారు, నాలుగు పేజీలు అచ్చేసి చేతికిచ్చారు అన్నాను.

పద్నాలుగున మీటింగు. లేచి నిలబడి లిస్టులోంచి ఇరవై ఏడో నంబరు తీసేయమంటానన్నాడు. మా ఆవిడ చేత రెండు వాక్యాలు రాయించి ఇచ్చాను. అవి చదివితే చాలు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. అలాగే అన్నాడు.

మార్చి 10

కౌన్సిల్ ఇంజనీరు దగ్గరికి పోయాను. కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. మీరు చెప్పింది నిజమే బాబాయ్, కానీ తీర్మానం ఎలా ఉంటే అలా చేయడమే నా ఉద్యోగం అన్నాడు. తీర్మానానికి లిస్టు ఎవరిచ్చారన్నాను. మా ఆఫీసే అన్నాడు. మీకెవరు ఇచ్చారన్నాను. పాత లిస్టు ఒకటి ఉంది బాబాయ్ అన్నాడు.

మార్చి 11

అక్కకు చెప్పాను. చిన్నప్పటి నుంచీ నీకు పంతమేరా అంది. బడి మానేసిందీ పంతానికే, మేష్టారు నీ పలక పగలగొట్టాడని అంది. నేను మునిగితే మునుగుతాను, నువ్వు మాత్రం బీపీ మాత్ర వేసుకుని తిరుగు అంది. తరువాత ఆ మెట్లు ఆరేనా, ఏడా అని అడిగింది. గుర్తు లేదట. ఆరు అన్నాను.

మార్చి 14, మధ్యాహ్నం 3

మీటింగుకు పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. మా ఆవిడ పక్కన. జనం ఎవరూ లేరు. ఫ్యాన్లు బాగా తిరుగుతున్నాయి. మెంబర్లు పదహారు మంది. ప్రతి ఒక్కరి ముందూ కాగితాల కట్ట ఉంది. బేకరీ ఆవిడ కట్టను విసనకర్రగా వాడుతోంది. లాయరు దాని మీద మోచెయ్యి పెట్టుకున్నాడు.

చైర్మన్ వచ్చాడు. మొదటి అంశం, పోయిన మీటింగు మినిట్స్ ఖాయం చేయడం, ఆమోదమా అన్నాడు. మాట పూర్తి కాకముందే చేతులు లేచాయి. పదహారూ. అలాగేగారి చెయ్యి కూడా. ఆ చేతిలో మా కాగితం ఉంది. అప్పుడే జేబులోంచి తీశాడు, మడతలు ఇంకా విప్పలేదు.

మా ఆవిడ నా మోకాలు మీద కొట్టింది. అయిపోయింది అంది. ఏమయింది, ఇంకా మొదలే కదా అన్నాను. ఆ మినిట్స్‌లోనే ఉంది మనది అంది.

అలాగేగారు మాత్రం కాచుకుని కూర్చున్నాడు. ఈరోజు తొమ్మిదో అంశం పార్కు గేటుకు రంగు. అది రాగానే లేచాడు. గొంతు సవరించుకుని మా రెండు వాక్యాలూ చదివాడు. బాగానే చదివాడు, తప్పు లేదు. చైర్మన్ గుమాస్తా వంక చూశాడు. అది పోయిన మీటింగుదండీ, ఇందాకే ఖాయమయింది, ఖాయమైనదాన్ని ఆరు నెలల దాకా ముట్టుకోకూడదండీ అన్నాడు గుమాస్తా. మీరూ చెయ్యెత్తారు కదండీ అన్నాడు చైర్మన్, మెల్లగానే.

అలాగేగారు తన చెయ్యి చూసుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వాలన్నా విషయం తెలిసి ఉండాలి. గేటుకు ఆకుపచ్చ రంగు ఖాయమయింది.

మార్చి 15

పొద్దున్నే అలాగేగారు ఇంటికి వచ్చాడు. చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడ్డాడు. మా ఆవిడ కూర్చోమని టీ ఇచ్చింది.

అతనే చెప్పాడు. మొదటి అంశానికి అందరూ చెయ్యెత్తుతారు పెద్దాయనా, అది హాజరు అనుకున్నాను అన్నాడు. బళ్లో పేరు పిలిస్తే పలికినట్టు. వచ్చామని చెప్పడం అనుకున్నాడట. ఎన్నాళ్లుగా అన్నాను. తొమ్మిదేళ్లుగా అన్నాడు. మరి ఈ తొమ్మిదేళ్లలో హాజరు చెబుతూ ఇంకా ఏమేం ఖాయం చేశావు నాయనా అన్నాను.

ఈసారి అలాగే అనలేదు. టీ సగం వదిలేసి పోయాడు.

అబద్ధం చెప్పి ఉంటే తిట్టి పంపేవాణ్ణి. నిజం చెప్పాడు. దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదు.

మార్చి 17, సాయంత్రం 6

మేస్త్రీ పంతొమ్మిది పొద్దున పదింటికి సిమెంటు పోస్తాడట. కౌన్సిల్ వాళ్లు ఎవరైనా ఒక ముక్క రాసి సంతకం పెట్టి ఇస్తే మూత చుట్టూ గూడులా ఖాళీ వదిలి పోస్తాను తాతా, నాకేం పోయింది అన్నాడు. నేనే రాసిస్తానన్నాను. మీ సంతకం చెల్లదు తాతా, మీకు విషయం తెలుసు కదా అన్నాడు. వెక్కిరించలేదు. మామూలుగానే అన్నాడు.

లాయరు ఊళ్లో లేడు. బేకరీ ఆవిడ చైర్మన్‌ను అడగమంది. చైర్మన్ ఇంజనీరును అడగమన్నాడు. అలాగేగారు సంతకం పెడతానని పెన్ను తీసి, ఖాయమైనదానికి అడ్డంగా పెడితే మెంబరుగిరీ పోతుందేమోనని పెన్నుకు మూత పెట్టేశాడు. కనుక్కుని చెబుతాను, ఎవరిని అడగాలో తెలియడం లేదు అన్నాడు.

మార్చి 18

మా ఆవిడ చేత రాయించలేదు. నేనే రాశాను. కౌన్సిల్ తలుపుకు అంటించాను. ఇక్కడ కాపీ.

చైర్మన్‌కూ పదహారు మందికీ. పైపు పగిలితే నీళ్లు ఎక్కడ కట్టాలి. ఎవరు కట్టాలి. కట్టేలోపల మా అక్కను మంచంతో సహా ఆరు మెట్లు మోసుకురావాలి. మంచానికి నాలుగు కోళ్లు. మీ పదహారు మందిలో ఏ నలుగురు? పేర్లు రాసి ఇవ్వండి. పంతొమ్మిది, పొద్దున పది లోపల. నేను మూత మీద కూర్చుని ఉంటాను.