రొట్టెలమ్మల చుట్టరికం

రాయచూరు

పెద్దన్నయ్యకు, వదినకు చెల్లెలు అనసూయ నమస్కరించి రాయునది. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వదిన బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోందా? ఫోన్‌లో అడిగితే బాగానే ఉన్నాం అంటారు, నాకు నమ్మకం కుదరదు. కాగితం మీద రాయండి.

ఇక్కడికి వచ్చి ఆరు నెలలయింది. ఎండ మండిపోతోంది. మజ్జిగ తాగుతున్నాను, దిగులు పడకండి. సాయంత్రాలే తోచదు, మన ఊరి మాటలు చెప్పుకోవడానికి ఒక్కరూ లేరు.

మీ మేనకోడలు సుజాత మెస్సు నడుస్తోంది. ఇక్కడివాళ్లకు జొన్నరొట్టె లేకపోతే తిన్నట్టే ఉండదు. మాకా, రొట్టె తట్టడం రాదు. కల్మల నుంచి గంగమ్మ రోజూ బస్సులో గంపతో తెస్తుంది. ఎదురుగా మెస్సు పెట్టిన నీలమ్మ కూడా ఆమె దగ్గరే కొంటుంది. కానీ గంగమ్మ ఒకరోజు వస్తే ఒకరోజు రాదు. రెండుసార్లు ఎగ్గొట్టేసరికి, మా దగ్గర నెలవారీగా తినే పన్నెండుమంది మేస్త్రీలు, "ఇంకోసారి రొట్టె లేదంటే ఎదురుంగ పోతం" అనేశారు. వాళ్లు పోతే మెస్సు మూసుకోవాల్సిందే.

ఒక్క మనిషిని నమ్ముకుంటే ఎలాగని పోరుపెట్టి, నేనే గబ్బూరు శాంతమ్మను కుదిర్చాను. సగం ఈమె, సగం ఆమె. వేరే ఊళ్లు కదా, ఒకరు రాకపోయినా ఒకరు వస్తారనుకున్నాను. నీలమ్మ పద్ధతి వేరు. గంగమ్మ ఎక్కువ తెచ్చిన రోజు అదనంగా కొని, మళ్లీ కాల్చి ఆరబెట్టి, కడక్ రొట్టెలు చేసి డబ్బాలో దాస్తుంది. నెలైనా చెడవట. ఎండు రొట్టెలు ఎవరు తింటారని నేను నవ్వాను.

మొన్న సోమవారం ఇద్దరూ రాలేదు. ఫోన్ చేస్తే గంగమ్మ, "నా బిడ్డ కొడుకు తొట్టెల పండుగ గదా అవ్వా! శాంతమ్మ కూడా ఈడనే ఉంది. పిల్లగానికి నాయనమ్మ గదా!" అంది. ఇద్దరూ వియ్యపురాళ్లు అన్నయ్యా! మేస్త్రీలు వచ్చే వేళయింది.

సుజాత కొంగు దోపుకుని నీలమ్మ దగ్గరికి వెళ్లింది, వెనకే నేను. నీలమ్మ, "నాకు గూడ ఎగ్గొట్టింది. ఇవి తీస్కపో" అని ఒక డబ్బా తోసింది.

"ఇవ్వకపోతే మా వాళ్లు నీ దగ్గరికే వచ్చేవాళ్లు కదమ్మా" అని నోరు జారాను.

"పన్నెండుమంది ఒక్కసారే మీద పడితే నేనేడ కూసోబెట్టాలె అవ్వా? రేపు నా డబ్బా ఖాళీ అయితే మీ తలుపే కొట్టాలె. ఊర్కె ఇస్తున్ననా?" అంది.

మేస్త్రీలు పప్పులో ముంచుకుని కరకరలాడించారు. ఒక్కరూ పోలేదు. కడక్ రొట్టెలు దాచుకోవడానికి మేమూ ఒక డబ్బా కొన్నాం.

నిన్న అరకేర నుంచి రొట్టెలమ్మే మూడో ఆమె వచ్చింది. కూర్చోబెట్టి, బిడ్డను ఎవరికిచ్చావు, కోడలిది ఏ ఊరు, గంగమ్మకు ఏమవుతావు అని అన్నీ అడిగాను. ఆమె గంప దించి, "ఏందవ్వా, రొట్టెలకు గిన్ని అడుగుతున్నవ్? పిల్లనిస్తవా ఏంది?" అంది. సుజాత కడుపు పట్టుకుని నవ్వింది. అది అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో అన్నయ్యా.

దాన్ని మీరిద్దరూ చల్లగా ఉండమని దీవించండి. అత్తయ్యకు నా దండాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు, మీ దీవెనలు కోరే
అనసూయ